ఇల్లు వేరు, కాపురం వేరు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రెంటిలోనూ వుండే కష్టమూ ఖర్చూ పడ్డవాళ్ళకే తెలుస్తాయి. అయితే పెళ్ళి చేసినంతమాత్రాన తన బాధ్యత తీరిందని మన ఇళ్ళల్లో ఏ తండ్రీ అనుకోడు. పిల్ల కాపురం కుదురుకున్నదని విన్నప్పుడుగాని తల్లిదండ్రులకు కంటినిండా నిద్ర పట్టదు. ఇంటి సంగతీ అంతే. గోడలు లేచి, కప్పు పడి, తాళంచెవి చేతికి వచ్చిన రోజు పెళ్ళిరోజు వంటిది. కాపురం మాట ఆ తరవాతది.

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కనుక, మాట కనబడితే దాని దగ్గర కాసేపు ఆగడం నాకు అలవాటు. మనం ఇల్లు కడతామంటాం. కాపురం పెడతామంటాం. ఒకే సంగతికి రెండు మాటలు కావు ఇవి. ఇల్లంటే ఇటుకా, సిమెంటూ, తలుపులూ. కాపురమంటే కుళాయిలో నీళ్ళు, పొయ్యిమీద ఎసరు, పిల్లలకు బడి, జ్వరమొస్తే డాక్టరు, అన్నిటికన్నా ముఖ్యం - పొద్దున్నే లేచి వెళ్ళి, చీకటిపడేవేళకు తిరిగి రాగలిగినంత దూరంలో పని. బీదసాదలకూ చిన్న జీతగాళ్ళకూ ఇళ్ళు కట్టించే ప్రభుత్వాలు మొదటి మాటను బాగానే చదువుకున్నాయి. రెండో మాట దగ్గరే తడబడుతున్నాయి.

మా వీధిలో నాలుగిళ్ళల్లో అంట్లుతోమి, ముగ్గుపెట్టి, బతుకు వెళ్ళదీసే ఒకామె వుంది. కొన్నేళ్ళ కిందట ప్రభుత్వం కట్టించిన ఇల్లు ఆమె పేర వచ్చింది. మా ఆవిడ పసుపూ కుంకుమా జాకెట్టుగుడ్డా పెట్టి సంతోషంగా పంపింది. నెల తిరక్కుండా ఆమె మళ్ళీ మా వీధి వెనక రేకులగదికే అద్దెకు వచ్చేసింది. "అదేమిటమ్మా, ఇల్లు వచ్చిందిగదా!" అన్నాను. "ఇల్లయితే వచ్చిందండి మేష్టారూ, కాపురం చేసే దారే లేదు. ఆరింటికల్లా మొదటి ఇంట్లో వుండాలి నేను. అక్కణ్ణుంచి ఆటోకే రోజూ ఒక ఇంటి జీతం పోతుంది" అన్నది. నేను పుస్తకాలు తిరగేసి పట్టుకున్న తేడాను ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. ఈ నాలుగు పేజీలు రాయడానికి ప్రేరణ ఆ ముక్కే.

పని ఎక్కడో, ఇల్లు అక్కడ

పూర్వం మన వూళ్ళల్లో సాలెవాడలోనే మగ్గం, కుమ్మరివాడలోనే సారె. ఇల్లే కార్ఖానా. అంతమాత్రంచేత ఆ రోజులే బంగారమనడానికి లేదు. పొలంలో నడుము వంచే మనిషి కావాలి, అతని గుడిసె మాత్రం వూరి పొలిమేర అవతల వుండాలి అన్నది మన వూరే. శ్రమ దగ్గరగా, శ్రామికుడు దూరంగా - ఈ ఏర్పాటు పాతదే. నగరంలో వేషం మార్చుకున్నది.

తరవాత కంపెనీలు వచ్చాయి. మనిషి పనికి వేళకు రావాలంటే అతని ఇల్లు దగ్గరలో వుండాలని ముందుగా గ్రహించినవాళ్ళు వ్యాపారస్థులే. రైల్వేవారు పెద్ద జంక్షన్ల పక్కన కాలనీలు కట్టారు. సింగరేణివారు కొత్తగూడెంలో బొగ్గు కార్మికులకు క్వార్టర్లు కట్టారు. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఉక్కునగరం వున్నది. ఇది దయాధర్మం కాదు, లెక్క. షిఫ్టు సైరను కూసేసరికి మనిషి గేటు దగ్గర వుండాలి గనుక క్వార్టరు ఇచ్చారు.

చిక్కంతా నగరంలో వచ్చింది. ఆస్పత్రి నర్సు, హోటల్లో వంటమనిషి, వీధులూడ్చే కార్మికురాలు, అపార్టుమెంటు కావలివాడు, ప్రైవేటు బళ్ళో పంతులమ్మ - వీళ్ళందరికీ కలిపి యజమాని ఎవరు? ఒక్కరు లేరు. నగరమే యజమాని. కాబట్టి వాళ్ళ ఇంటి బాధ్యతా నగరానిదే కావాలి. బస్సు డ్రైవరునే తీసుకోండి. తెల్లవారుజామున మొదటి బస్సు తీయవలసిన మనిషి డిపో చేరడానికి ఏ బస్సూ వుండదు! అతని ఇల్లు డిపోకు ఎంత దూరమన్నది అతని సొంత గొడవ అనుకుంటాం. నిజానికి అది మొదటి బస్సు ఎక్కవలసిన మనందరి గొడవ.

హైదరాబాదు అనుభవం

మన తెలుగుదేశంలో ఈ బాధ్యతను నెత్తిన వేసుకున్న తొలి నగరాల్లో హైదరాబాదును చెప్పుకోవాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనపెట్టుకున్నది. నది ఒడ్డున ఇరుకు బస్తీల్లో వుండే బీదలే ఎక్కువగా పోయారు. వరదను ఆపడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాలు తీసుకున్నారు. ఆ తరవాత 1912లో నగరాభివృద్ధికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఈ బోర్డు రోడ్లు వెడల్పుచేసి, మార్కెట్లు కట్టి వూరుకోలేదు. నాంపల్లి, మల్లేపల్లి వంటిచోట్ల మురికివాడలు తీసి, కొత్త ఇళ్ళు కట్టింది. ఆ పేర్లు గమనించండి. అవి వూరి నడిబొడ్డున వున్నవే. పనీపాటా వదులుకుని దూరం పొమ్మనలేదన్నమాట.

ఇక మన కాలానికి వద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2015లో రెండు పడకగదుల ఇళ్ళ పథకం మొదలుపెట్టింది. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు - బీదవాడి ఇల్లంటే ఒక గదే అన్న పాత లెక్కను చెరిపేసిన పథకం ఇది. మెచ్చుకోవలసిందే. ఇందులో అన్నిటికన్నా పెద్ద కాలనీ సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్ 22న ప్రారంభమైంది. 145 ఎకరాలు, 15,660 ఇళ్ళు. ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా అరవైవేల పైచిలుకు జనం! అదొక పట్టణం. ఇళ్ళు నగరంలోని నియోజకవర్గాల వాళ్ళకు లాటరీ తీసి పంచారు. లాటరీలో అన్యాయానికి చోటు తక్కువ. అది న్యాయమే. అయితే చార్మినారు దగ్గర పనిచేసే మనిషికి కొల్లూరు పాతిక కిలోమీటర్ల పైమాటే. లాటరీ చీటీకి అతని పేరు తెలుసు. అతను పనిచేసే చోటు తెలియదు.

భూమి ఎక్కడ దొరికితే అక్కడే కదా కట్టాలి అంటారు. నిజమే. నడి నగరంలో గజం ధర వింటే గుండె ఝల్లుమంటుంది. మరి ఈ ముడిని నూరేళ్ళ కిందట విప్పుకున్న మహానగరం ఒకటున్నది. దాని కథ మనం వినదగ్గది.

వియన్నా కథ

ఆస్ట్రియా రాజధాని వియన్నా మొదటి ప్రపంచ యుద్ధం ముందు ఇరవై లక్షల జనంతో కిటకిటలాడేది. మంచానికి అద్దె కట్టి పడుకునేవాళ్ళు వేలకువేలు. రాత్రి పనిచేసేవాడు పగలూ, పగలు పనిచేసేవాడు రాత్రీ ఒకే మంచంమీద పడుకునేవారు. యుద్ధంలో సామ్రాజ్యం కూలిపోయింది. 1919లో కార్మికుల పక్షాన నిలిచిన పార్టీ నగరసభకు నెగ్గింది. బ్యాంకులో పనిచేసి వచ్చిన హ్యూగో బ్రైట్నర్ నగర ఆర్థిక వ్యవహారాలు చేపట్టాడు. గుర్రాలకు పన్ను, మోటారుకార్లకు పన్ను, ఇంట్లో నౌకర్లను పెట్టుకుంటే పన్ను. 1923లో ఇళ్ళకోసమే ప్రత్యేకంగా ఒక పన్ను వేశాడు. చిన్న ఇంట్లో వుండేవాడు చిల్లరకాసులు కట్టాలి, విశాలమైన భవంతిలో వుండేవాడు పెద్దమొత్తం కట్టాలి.

ఆ ఏడే, ఐదేళ్ళల్లో పాతికవేల ఇళ్ళు కట్టాలని నగరం తీర్మానించింది. 1934 నాటికి అరవైవేలు దాటించింది. భూమి మాటో? అద్దెలు పెరక్కుండా చట్టం వుండడంవల్ల స్థలాల ధరలు పడిపోయాయి. పడిపోయిన ధరకు నగరమే పెద్ద బేరగాడై కొన్నది. ప్రతి భవనం నొసటా ఎర్రటి అక్షరాలతో, ఇది ఇళ్ళ పన్నుతో వియన్నా నగరం కట్టిందని, ఏయే సంవత్సరాల్లో కట్టిందో సహా రాయించారు. పన్ను కట్టినవాడికి తన డబ్బు ఎక్కడికి పోయిందో ఎదురుగా కనబడాలన్నమాట.

వీటిలో పేరెన్నికగన్నది కార్ల్ మార్క్స్ హోఫ్. 1930లో ప్రారంభించారు. కిలోమీటరు పొడుగు దాటిన భవనం, 1,382 ఇళ్ళు. స్థలంలో నూటికి 18 పాళ్ళలోనే కట్టడం, మిగతాదంతా తోటలూ ఆటస్థలాలూ. ఇళ్ళు చిన్నవే. కాని బట్టలుతుక్కునే శాలలు, స్నానశాలలు, చంటిపిల్లల బడులు, గ్రంథాలయం, వైద్యశాల అన్నీ ఆవరణలోనే. నా మనసును పట్టింది మాత్రం వేరొకటి. ఆ భవనం ఎదురుగా వున్నది రైల్వే స్టేషను! దిగితే ఇల్లు, ఎక్కితే పని.

ఇళ్ళు ఎవరికివ్వాలన్నదానికి లాటరీ వేయలేదు. అవసరాన్ని బట్టి మార్కులు వేశారు. ఇల్లులేనివాడికి ఇన్ని, ఇంట్లో పసిపిల్లలుంటే ఇన్ని, జబ్బుమనిషి వుంటే ఇన్ని, ఒకే గదిలో ఎక్కువమంది వుంటే ఇన్ని. ఎవరికి ఎందుకు వచ్చిందో, ఎవరికి ఎందుకు రాలేదో చెప్పడానికి లెక్క వుంటుంది.

ఆ కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1934 ఫిబ్రవరి అంతర్యుద్ధంలో ప్రభుత్వ సైన్యం ఆ ఇళ్ళమీదే ఫిరంగులు పేల్చింది. ఐనా ఇళ్ళు నిలిచాయి. రెండో యుద్ధం తరవాత మళ్ళీ కట్టడం సాగింది. ఇప్పుడు నగరం సొంత ఇళ్ళు దాదాపు 2,20,000. నగర జనాభాలో సుమారు నాలుగోవంతు వాటిలోనే కాపురముంటున్నారు. ముందుచూపుగా భూమి కొని సిద్ధంగా వుంచడానికే 1984లో ఒక ప్రత్యేక నిధిని పెట్టుకున్నారు. అక్కడా లోపాలు లేకపోలేదు. కొత్తగా ఆ వూరు చేరినవాళ్ళు చాలాకాలం ఎదురుచూడక తప్పదు. పొట్టచేతపట్టుకు వచ్చేవాడి కష్టం ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు.

ఇంకొక్క సంగతి చెప్పి వియన్నాను వదిలేస్తాను. పాత విమానాశ్రయపు మైదానంలో వాళ్ళు ఆస్పెర్న్ సరస్సుపట్టణమని కొత్తవూరు కడుతున్నారు. అక్కడికి మెట్రోరైలు 2013 అక్టోబరులో వచ్చింది. తొలి కుటుంబాలు 2014లో వచ్చాయి. అంటే ముందు రైలు, తరవాత మనుషులు! మన దగ్గర ముందు ఇల్లు వస్తుంది, తరవాత అర్జీ వస్తుంది, బస్సు ఎప్పటికో వస్తుంది.

ముడివేసేవాడు కావాలి

ఇంజనీరుకు గోడ తెలుసు. తహశీల్దారుకు భూమి తెలుసు. నీటిబోర్డుకు గొట్టం, విద్యుత్ సంస్థకు తీగ, ఆర్టీసీకి రూటు, విద్యాశాఖకు బడి, పౌరసరఫరాలవారికి రేషన్ దుకాణం తెలుసు. ఎవరి పని వాళ్ళు చక్కగా చేసినా కాపురం మాత్రం కుదరదు. పెళ్ళివారింట్లో వంటబ్రాహ్మడు, మేళగాడు, పందిరివాడు, పురోహితుడు అందరూ వుండి, ముహూర్తానికి అందర్నీ కూడగట్టే పెద్దమనిషి లేకపోతే ఏమవుతుందో మనకు తెలియదూ? పురపాలక సంఘంలో ఇళ్ళ వ్యవహారానికి అటువంటి పెద్దమనిషి ఒకరుండాలి. ఇళ్ళెన్ని లేచాయన్నది ఒక్కటే ఆయన్ని అడిగితే చాలదు. ఏడాది తిరిగాక ఎన్ని ఇళ్ళల్లో దీపం వెలుగుతున్నదో అడగాలి.

ఆయన దగ్గర మొదట వుండవలసింది జాబితా. ఎవరికి ఇల్లు కావాలి అన్నదాంతోపాటు, ఎక్కడ పని, ఎన్ని గంటలకు పని, నెలకు ఆదాయమెంత అన్నవి అందులో వుండాలి. ఇంటి ఖర్చు ఆదాయంలో నూటికి 30 మించకూడదని చాలాదేశాల్లో వాడే కొలత. దానికి పోనూరానూ అయ్యే ఖర్చు కూడా కలిపి చూడాలి. వూరి చివర ఉచితంగా వచ్చిన ఇల్లు ఒక్కోసారి వూరి మధ్య అద్దెగదికన్నా ఖరీదైనదని అప్పుడు తేలుతుంది.

రెండోది, అద్దె ఇళ్ళు. మనవాళ్ళకు ఇల్లంటే సొంతమే. సంతోషం. కాని పనికోసం పల్లెనుంచి వచ్చి రెండేళ్ళుండి పోయేవాడికి పట్టా ఎందుకు? నాలుగురోజులు తలదాచుకునే అద్దెగది కావాలి. 2020లో కరోనా లాక్‌డౌన్ పెట్టగానే లక్షలాది వలసకూలీలు నడిచి వూళ్ళకు పోవడం మనం చూశాం. పని ఆగగానే వాళ్ళకు నగరంలో నిలబడే చోటు లేకపోయింది. ఆ ఏడే కేంద్రప్రభుత్వం తక్కువ అద్దె ఇళ్ళకు ఒక పథకం ప్రకటించింది. చండీగఢ్‌లో ఖాళీగా పడివున్న ప్రభుత్వపు ఇళ్ళను అద్దెకివ్వడంతో ఆరంభించారు కూడా. కట్టిన ఇల్లు ఖాళీగా, మనిషి చెట్టుకింద - ఈ వింతను పోగొట్టే దారి అది.

మూడోది, మరమ్మతు. పది అంతస్తుల ఇంట్లో లిఫ్టు ఆగితే ఎనిమిదో అంతస్తులో ముసలమ్మ ఖైదీ అవుతుంది. ఆ లిఫ్టు బాగుచేసే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో తాళాలు ఇచ్చే రోజుకు ముందే రాసిపెట్టుకోవాలి.

ఇంతా చెప్పి అసలు సంగతి దాచితే బాగుండదు. భూమి దొరకదన్నది సగం నిజమే. మిగతా సగం మన చేతుల్లో వుంది. మన కాలనీ పక్క ప్రభుత్వస్థలంలో బీదలకు ఇళ్ళు కడతారని వినబడితే మనలో ఎంతమంది కలెక్టరుకు అర్జీ పెట్టుకోకుండా వూరుకుంటాం? స్థలాల విలువ పడిపోతుందంటాం, సందడి పెరుగుతుందంటాం. ఆ అర్జీమీద సంతకం పెట్టడానికి బయలుదేరే ముందు కాఫీ ఎవరు కలిపారో, గేటు ఎవరు తీశారో, రాత్రి అమ్మకు సూదిమందు ఇచ్చిన నర్సు ఏ వేళకు ఇల్లు చేరిందో ఒక్కసారి తలచుకుంటే చాలు. వాళ్ళ పని మన ఇంటికి ఎంత దగ్గరో, వాళ్ళ ఇల్లూ అంత దగ్గర వుండనిస్తే నగరపాలకులకు సగం శ్రమ తప్పుతుంది. మన పొద్దుటి పని ఆగకుండా సాగుతుంది. వాళ్ళ కాపురమూ సాగుతుంది.