ఏజెన్సీలో పేరు, పిలుపు, హక్కు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఆదివాసుల్లో పెద్ద సంఖ్య కోయలది. తమలో తాము వాళ్లు కోయితూర్ అని చెప్పుకుంటారు. ఆ మాట పాల్వంచ బజారులో వినపడదు. కులధ్రువీకరణ పత్రంలో వాళ్లు షెడ్యూల్డు తెగ, ఐటీడీఏ కాగితాల్లో గిరిజనులు, అటవీశాఖ నోటీసుల్లో ఏళ్ల తరబడి ఆక్రమణదారులు. కోపమొచ్చినవాడి నోట మాత్రం సొంత పేరే తిట్టుగా మారి 'కోయోడు' అవుతుంది. ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుకు తగ్గ మర్యాదే దొరుకుతుంది, చాలాసార్లు ఆ పేరుకు తగ్గ హక్కే దొరుకుతుంది. భాష వివక్షకు ఎలా ఊతమిస్తుందో, అదే భాష దాన్ని ఎలా ఎదిరిస్తుందో ఈ అడవి అంచున స్పష్టంగా కనిపిస్తుంది.

ఒకప్పుడు సంస్థాన కేంద్రమైన పాల్వంచకు పారిశ్రామిక పట్టణమన్న పేరు గత శతాబ్దం ద్వితీయార్ధంలో వచ్చింది. 1966లో థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉత్పత్తి మొదలైంది, 1980లో స్పాంజ్ ఐరన్ కర్మాగారం వచ్చింది. మైదాన ప్రాంతాల నుంచి ఉద్యోగులు, కాంట్రాక్టర్లు, వ్యాపారులు తరలివచ్చారు. ఇప్పపువ్వు, చింతపండు తెచ్చే కోయలకు కొట్టులో తూకమైనా, కూలి లెక్కయినా, ఆస్పత్రి చీటీ అయినా తెలుగులోనే జరిగే రోజులొచ్చాయి. తెలుగు నేర్చుకోక తప్పని పరిస్థితి కోయలది. కోయ నేర్చుకోవలసిన అవసరం వచ్చినవాళ్లకు లేదు. భాషల మధ్య ఎక్కువ తక్కువలు సాధారణంగా ఇలాగే స్థిరపడతాయి.

ఆ ఎక్కువ తక్కువలు మొదట బయటపడేది సర్వనామంలో. తెలుగులో నువ్వు, మీరు; వాడు, అతను, ఆయన; అది, ఆమె, ఆవిడ అని మెట్లు మెట్లుగా మర్యాద ఉంది. వాక్యం చివర క్రియ కూడా ఆ మెట్టునే అనుసరిస్తుంది కాబట్టి గౌరవమో అగౌరవమో చూపకుండా తెలుగులో ఒక మనిషి గురించి మాట్లాడటమే కష్టం. బస్సులోనో కొట్టు దగ్గరో అరవై ఏళ్ల కోయ పెద్దమనిషిని ఇరవై ఏళ్ల కుర్రవాడు 'ఏరా' అంటే చుట్టూ ఉన్నవాళ్లకు అది తిట్టులా వినిపించదు. వినిపించకపోవడంలోనే దాని బలమంతా ఉంది. అదే కోయ మనిషి కార్యాలయానికి వెళ్లి అధికారిని 'నువ్వు' అంటే మాత్రం అందరూ ఉలిక్కిపడతారు. ఆదివాసీ గూడేల్లో పెద్దా చిన్నా తేడా లేకుండా ఏకవచనంలో పలకరించుకోవడం మామూలు, అందులో చనువే తప్ప తలబిరుసు లేదు. కొత్తగా వచ్చిన టీచరు దాన్ని పొగరుగా తీసుకుంటే, దెబ్బ తినేది పిల్లవాడే. అయితే ఈ మెట్లు కదలనివేం కావు. తెలంగాణ పల్లెల్లో 'నీ బాంచెన్, నీ కాల్మొక్త' అన్న పిలుపు వెట్టిచాకిరీతో కలిసి బతికింది. 1940లలో రైతాంగ పోరాటం లేచినప్పుడు కూలీలు వెట్టితోపాటు ఆ పిలుపునూ వదిలించుకున్నారు.

సినిమా ఈ చిన్నచూపును ఇంకా దూరం మోసుకుపోయింది. తెలుగు తెరపై కోయదొర అంటే ఈకల తలపాగా, పూసల దండలు, అర్థం లేని కేకలు, సోది, మూలికలు. ఏజెన్సీలో ఆదివాసీ పురుషుల పేరు చివర 'దొర' గౌరవ వాచకం. అల్లూరి సీతారామరాజు సహచరులు గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు చరిత్రలో అలాగే నిలిచాయి. పట్టణాల్లో అదే మాట వేళాకోళమైంది. తెలంగాణ యాసకూ చాలాకాలం ఇదే గతి పట్టింది. సినిమాల్లో అది విలన్లకూ హాస్యగాళ్లకూ నౌకర్లకూ పరిమితమైంది. ఆ అవమానం ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి ఒక ఇంధనం. రాష్ట్రం వచ్చాక కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. కోయ విషయంలో అలాంటి మలుపు ఇంకా రాలేదు.

తిట్టుకు చట్టంలో శిక్ష ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం జనం చూస్తుండగా కులం పేరుతో దూషించడం విడిగా ఒక నేరం. అయితే నాలుగు గోడల మధ్య, సాక్షులెవరూ లేనిచోట అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇక 'ఏరా' అన్న పిలుపుకు, వెక్కిరింపు నవ్వుకు, పేరు అడగకుండానే ఏదో ఒక పేరు పెట్టి పిలవడానికి ఏ సెక్షనూ చాలదు. కేసు దాకా వెళ్లే తిట్టు అరుదు. రోజూ వినే మాటలు అంతకన్నా లోతుగా దిగుతాయి.

పేరుపై తిరుగుబాటు తెలుగువాళ్లకు కొత్త కాదు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ పెట్టారు. అధ్యక్షుడు భాగ్యరెడ్డివర్మ, అంటరానివారికి తగిలించిన 'పంచమ' అన్న మాటనే తిరస్కరించారు. తాము ఈ నేలకు మొదటి నివాసులమని వాదించారు. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. అయిదేళ్లకు, 1922లో, మద్రాసు శాసనమండలిలో దళిత నాయకుడు ఎం.సి. రాజా తీర్మానం తర్వాత ప్రభుత్వ కాగితాల్లో పాత మాటల స్థానంలో ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర వచ్చాయి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం దీనికి ఎదురు దారి పట్టింది. తిట్టుగా వాడే కులం పేరునే కార్యకర్తలు తమ పేర్ల చివర చేర్చుకున్నారు. సిగ్గుపడవలసింది పేరు మోసేవాడు కాదు, దాన్ని తిట్టుగా వాడేవాడేనని ఆ పని చెప్పింది. ఒకరు పేరు మార్చారు, ఒకరు అదే పేరును ఎత్తి పట్టారు. రెండు చోట్లా నిర్ణయం ఆ మనుషులదే, ఫలితం వచ్చింది అందుకే.

ఆదివాసుల పేరుపై తగువు రాజ్యాంగ సభ దాకా వెళ్లింది. 'ఆదివాసీ' అన్న మాట కావాలని ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా అక్కడ పట్టుబట్టారు. రాజ్యాంగంలో చోటు దక్కింది 'షెడ్యూల్డు తెగలు' అన్న మాటకే. కొండరెడ్ల వంటి తెగలను ప్రభుత్వం ఒకప్పుడు 'ఆదిమ' తెగలంది, 2006లో ఇంగ్లీషులో ఆ మాట తీసేసి 'ప్రత్యేకంగా బలహీనమైన' తెగలని రాసుకుంది. దమ్మపేట, అశ్వారావుపేట వైపు కొండరెడ్లు ఈ జిల్లాలోనూ ఉన్నారు. తెలుగు కాగితాల్లో మాత్రం 'ఆదిమ' ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పేరు మారితే భూమి సంగతే మారుతుందనడానికి అటవీ హక్కుల చట్టం గట్టి రుజువు. బ్రిటిషు కాలపు అటవీ చట్టాల్లో పోడు కొట్టేవాడు నేరస్థుడు, ఆక్రమణదారుడు. 2006 చట్టం ఆ మాటను పక్కనపెట్టింది. ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని పీఠికలోనే ఒప్పుకుంది. కొత్తగా దయతో హక్కులు ఇస్తున్నామనకుండా, ఉన్న హక్కులను గుర్తిస్తున్నామంది. తెలంగాణలో 2023 జూన్ 30 నుంచి దాదాపు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచారు. వాటిలో అన్ని జిల్లాల్లోకీ పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. నిన్నటి ఆక్రమణదారుడు పట్టాదారయ్యాడు.

ఆ గడప బయటే ఆగిపోయినవాళ్లు గొత్తికోయలు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ వైపు ఊళ్లు తగలబడుతుంటే సరిహద్దు దాటి ఈ అడవుల్లోకి వచ్చారు. ఆ సల్వాజుడుం పేరిట పౌరులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తేల్చింది. కానీ వచ్చినవాళ్లు వెనక్కి పోలేదు. అటవీ హక్కుల చట్టం గడువు 2005 డిసెంబరు 13. ఆ తర్వాత అడవి చేరినవాళ్లకు పట్టా రాదు. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలైన వీళ్లను తెలంగాణ ఎస్టీలుగా గుర్తించదు. గొత్తికోయ అన్న పేరు ఇక్కడివాళ్లు తగిలించింది. వాళ్లు తమను మురియాలనో కోయితూర్ అనో చెప్పుకుంటారు. పత్రికల్లో, ఫైళ్లలో మాత్రం వలసవాళ్లు, చొరబాటుదారులు, అడవిని నరికేవాళ్లు. నిర్వాసితులు అన్న ఒక్క మాట వాడితే ప్రశ్న మరోలా ఉండేది. ఎవరు వెళ్లగొట్టారు, ఎవరు ఆదుకోవాలి అన్న విషయం ముందుకొచ్చేది.

2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు తగాదాలో ఒక ఫారెస్ట్ రేంజ్ అధికారిని చంపారు. నేరం ఘోరమైనది. ఇద్దరు గొత్తికోయలకు కొత్తగూడెం కోర్టు 2023 ఆగస్టులో జీవిత ఖైదు వేసింది. అయితే తీర్పుకు చాలా ముందే, ఆ ప్రాంతంలోని బెండాలపాడు గ్రామపంచాయతీ గొత్తికోయలందరినీ తమ పరిధి నుంచి పంపేయాలని తీర్మానం చేసింది. ఇద్దరి నేరాన్ని ఒక పేరు మొత్తం గూడెం నెత్తిన రుద్దింది. నేరం చేసినవాళ్లు పట్టణంలోని మరో కులంవాళ్లయితే ఆ కులాన్ని ఊరొదిలి పొమ్మని ఏ పంచాయతీ రాయదు.

ఈ జనాన్ని మరో పేరుతో చూసే ప్రయత్నమూ ఉంది. కోయ కుటుంబంలో పుట్టిన ధనసరి అనసూయ సీతక్క ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వరంగల్, ఖమ్మం జిల్లాల గొత్తికోయల సామాజిక వెలివేతపైనే పరిశోధన చేసి 2022లో డాక్టరేటు పొందారు. మరుసటి ఏడాది రాష్ట్ర మంత్రి అయ్యారు.

బడిలో కోయ భాషకు ఎదురయ్యేది వేరే రకం చిన్నచూపు. ఇంట్లో ఇల్లును 'లోన్' అని, నీళ్లను 'ఏర్' అని నేర్చుకున్న పిల్లవాడికి మొదటి రోజే తెలుగు వాచకం ఇస్తారు. అతను నోరు మెదపకపోతే మొద్దు అంటారు. కోయకు లిపి లేదు కాబట్టి అది భాషే కాదు, యాస అన్న మాట చదువుకున్నవాళ్ల నోటా వినిపిస్తుంది. కోయ ద్రావిడ కుటుంబపు భాష, గోండికి అతి దగ్గరది. 1969లోనే మానవశాస్త్రవేత్త స్టీఫెన్ టైలర్ గొమ్ము కోయ మాండలికానికి వ్యాకరణం ప్రచురించారు. లిపి లేకపోవడం లోపమైతే ప్రపంచంలో ఎన్నో భాషలు భాషలే కాకుండా పోతాయి. 2011 జనగణనలో దేశమంతటా కోయ మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 4.07 లక్షలు. ఒక్క తెలంగాణలోనే కోయ జనాభా 4.86 లక్షలు. మనుషులు ఉన్నారు, మాట జారిపోతోంది.

ఈ నష్టాన్ని గుర్తించిన తెలుగువారొకరు వందేళ్ల కిందటే ఉన్నారు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవరలతో కలిసిమెలిసి వారి భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడి పెట్టించారు, సవర వాచకాలు రాశారు, 1931లో సవర వ్యాకరణం వెలువరించారు. గ్రాంథికం బరువు నుంచి తెలుగు పిల్లలను తప్పించాలన్న ఆయన వాదనా, తెలుగు బరువు నుంచి సవర పిల్లలను తప్పించాలన్న ఆయన పనీ ఒకటే. రాజ్యాంగంలోని 350ఎ అధికరణ ప్రాథమిక విద్య మాతృభాషలో అందించమంటోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో కోయ సహా 8 గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చింది. పుస్తకం వచ్చినా, దాన్ని కోయలో చెప్పే టీచరు కావాలి. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది.

కోయ నిలిచింది ఎక్కువగా బడి బయటే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య కంచుమేళంతో సమ్మక్క సారలమ్మ కథనూ, కోయల గట్ల (వంశ విభాగాల), ఇంటిపేర్ల చరిత్రనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆ పాటల్లో కోయలు ఎవరి దయకో పాత్రులు కారు. వాళ్లకు పూర్వీకులున్నారు, యుద్ధాలున్నాయి, ఇలవేల్పులున్నారు. ఒక జాతి తన కథను తన మాటలో చెప్పుకుంటే, బయటివాళ్లు అంటించిన పేర్లు వాటంతటవే రాలిపోతాయి.

ఇక మిగిలింది ప్రభుత్వం చేయవలసిన పని. ఆదిలాబాద్ కలెక్టరుగా ఉన్నప్పుడు దివ్య దేవరాజన్ గోండి నేర్చుకుని గోండుల దర్బారులో వాళ్ల మాటలోనే మాట్లాడారు. ఆస్పత్రిలో గోండి తెలిసినవాళ్లను పెట్టించారు. నిందితుడికి అర్థమయ్యే భాషలో సాక్ష్యం వివరించాలని నేర విచారణ చట్టం ఏనాడో చెప్పింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో కోయ లేదు, గోండీ లేదు. ఆ మార్పు ఢిల్లీలో జరగాలి, జిల్లాలో చేయదగ్గది అంతదాకా ఆగనక్కర్లేదు. పాల్వంచ, కొత్తగూడెం, భద్రాచలం ఆస్పత్రుల్లో, ఠాణాల్లో, కోర్టుల్లో కోయ తెలిసిన ఒక్కో ఉద్యోగిని నియమించాలి. కొత్తగా చేరే టీచర్లకు, ఫారెస్టు సిబ్బందికి కొన్ని నెలల కోయ శిక్షణ తప్పనిసరి చేయాలి. కౌంటరు దగ్గరికి వచ్చిన ఆదివాసీని 'మీరు' అనడానికి మాత్రం ఏ జీవో అక్కర్లేదు, రేపు పొద్దున నుంచే మొదలుపెట్టవచ్చు.