నొక్కడం సరే, వదలడమో?

ఏమర్రా, ఇలా వచ్చి కూర్చోండి. సినిమాల్లో చూస్తుంటారుగా, మనిషి కుప్పకూలగానే పక్కవాడు ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కేస్తుంటాడు. నొక్కాలని అందరికీ తెలుసు. నేను చెప్పబోయేది వదలడం గురించి.

ఒకప్పుడు గుండె ఆగితే డాక్టర్లు ఛాతీ కోసి, గుండెను చేత్తో పిండేవారు. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు గుండెకి షాకిచ్చే యంత్రం మీద పనిచేస్తుండేవాడు. ఆయన దగ్గర చదువుకుంటున్న నికర్‌బాకర్ 1958లో ఒక వింత కనిపెట్టాడు. ప్రయోగాల్లో కుక్క ఛాతీ మీద ఆ యంత్రం తాలూకు బరువైన పలకల్ని గట్టిగా అదిమితే చాలు, కరెంటు ఇవ్వకుండానే రక్తపోటు కాస్త లేస్తోంది! సర్జన్ జూడ్‌తో కలిసి ఇద్దరూ, కత్తి అక్కర్లేదు, రెండు చేతులు చాలని 1960లో లోకానికి చెప్పారు.

అయితే ఒక చిక్కుంది. ఎంత బాగా నొక్కినా, మామూలుగా గుండె పంపే రక్తంలో మూడో వంతు కూడా కదలదు. ఆ కొంచెమే మెదడుకీ, గుండెకీ సరిపోవాలి. గుండెకి రక్తమిచ్చే కరోనరీ నాళాలు, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని మొదట్లోనే చీలతాయి. మనం నొక్కినప్పుడు ఛాతీలో అన్నిచోట్లా ఒత్తిడి ఒక్కసారే పెరుగుతుంది కాబట్టి వాటిలోకి రక్తం పెద్దగా పోదు. నొక్కు వదలగానే గుండె కుడివైపు పై గది అయిన కుడి కర్ణికలో ఒత్తిడి పడిపోతుంది, బృహద్ధమనిలో మాత్రం ఇంకొంత మిగిలి ఉంటుంది. ఆ తేడా పుణ్యమా అని గుండె కండరానికి రక్తం అందుతుంది. ఒంట్లోని రక్తం మళ్లీ ఛాతీలోకి చేరేదీ అప్పుడే. సిరా పెన్ను ఫిల్లరు నొక్కి, వదలకుండా పట్టుకుంటే సిరా ఎక్కుతుందా?

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకాయనకి ఇంట్లోనే గుండె ఆగితే, కొడుకు చేతికందిన, రబ్బరు గిన్నె ఉన్న బాత్రూం ప్లంజరు తీసుకుని ఛాతీ మీద ఆడించాడు. తండ్రి బతికాడు! డాక్టర్ కీత్ లూరీ, ఆయన తోటివాళ్లు 1990లో వైద్య పత్రికలో ఈ సంగతి రాశారు. ఆ ప్లంజరు ఛాతీని నొక్కడమే కాదు, పైకి లాగుతోంది కూడా. దాన్నిబట్టే ఛాతీకి అంటుకుని పైకెత్తే పంపు తయారుచేశారు. పైకి లాగినప్పుడు ఊపిరితిత్తుల్లోకి గాలి జొరబడితే రక్తాన్ని లోపలికి లాగే బలం తగ్గిపోతుంది. అందుకని గాలిని కాసేపు ఆపే చిన్న కవాటం కూడా పెట్టారు. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో, మెదడు పెద్దగా దెబ్బతినకుండా ఆస్పత్రి నుంచి బయటపడ్డవాళ్లు మామూలు పద్ధతిలో నూటికి ఆరుగురైతే, ఈ రెండిటితో తొమ్మిదిమంది. నూటికి ముగ్గురంటే తక్కువనుకోకండి, ముగ్గురి ఇళ్లలో దీపం నిలిచినట్టే కదా.

మీకు ఆ పంపులూ, ప్లంజర్లూ వద్దు నాయనా. పెద్దవాళ్లెవరైనా పడిపోయి, పిలిస్తే పలక్క, ఊపిరి సరిగా ఆడకపోతే 108కి ఫోన్ చేయించండి. రొమ్ము మధ్య ఎముక మీద అరచెయ్యి ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కండి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. మధ్యలో ఆపితే కూడగట్టుకున్న ఒత్తిడంతా చటుక్కున పడిపోతుంది, మళ్లీ పెరగాలంటే ఎన్నో నొక్కులు కావాలి. అలిసిపోయినవాడు తనకి తెలియకుండానే బరువంతా ఛాతీ మీదే వాల్చేస్తాడు. పక్కన ఇంకొకరుంటే రెండు నిమిషాలకోసారి చెయ్యి మార్చుకోండి.