మబ్బునీడలో ఆవిరి వేడి

ఆషాఢమాసంలో ఒక మధ్యాహ్నం బషీర్‌బాగ్‌లోని లాల్‌బహాదుర్ స్టేడియం మెట్లమీద కూర్చుని మైదానం వంక చూడండి. ఎండ కాస్తూ ఉండగానే ఒక మబ్బునీడ ఈ కొసన బయలుదేరి, మైదానమంతా పాకి, ఆ కొసన జారిపోతుంది. ఆ కాసేపూ మనకు హాయిగా ఉంటుంది. కాని ఎండతో నీటిని ఆవిరి చేసి విద్యుత్తు తీసే కేంద్రంలో ఉన్న ఇంజనీరుకు ఆ హాయి లేదు. నీడ పడినప్పుడు అతనికి చింతే. నీడ తొలగి ఎండ తిరిగి వచ్చేటప్పుడు అంతకంటె ఎక్కువ చింత! ఇది వింతగా తోచవచ్చు. కారణం చూద్దాం.

అటువంటి కేంద్రం తెలుగునాటనే నిర్మించారు. 2010లో ఆరంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌరశక్తి పథకం కింద అనంతపురం జిల్లాలో హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ కట్టిన 50 మెగావాట్ల కేంద్రం 2014లో ఉత్పత్తి ప్రారంభించింది. మేఘం పేరుగల సంస్థ ఎండను పట్టడం ఒక చమత్కారమే. మన మేడలమీద కనిపించే నల్లని సౌరఫలకాలకూ దీనికీ సంబంధం లేదు. ఫలకం వెలుగును నేరుగా విద్యుత్తుగా మారుస్తుంది. ఇక్కడ మొదట వేడి, తరువాత ఆవిరి, ఆపైన టర్బైను, చివరకు విద్యుత్తు.

నిలువుగా చీల్చిన గొట్టం వలె పొడవుగా ఉండే దర్పణాలు బారులు తీరి ఉంటాయి. వాటి అడ్డుకోత పరావలయం. పరావలయ దర్పణం తన అక్షానికి సమాంతరంగా వచ్చిన కిరణాలను నాభి వద్ద చేరుస్తుందని పదవ తరగతి విద్యార్థికి చెప్పనక్కరలేదు. ఇక్కడ నాభి ఒక బిందువు కాదు, రేఖ. ఆ రేఖ వెంట ఉక్కు గొట్టం, దాని చుట్టూ గాజు తొడుగు, రెంటి నడుమ శూన్యం. ఈ ఊహ కొత్తది కాదు. 1913లోనే ఫ్రాంక్ షూమన్ అనే అమెరికన్ ఈజిప్టులో కైరో దగ్గర మాదీ వద్ద ఇటువంటి దర్పణాలతో ఆవిరి పుట్టించి, నైలునది నీటిని తోడించాడు.

నేటి కేంద్రాలలో ఉక్కు గొట్టంలో పారేది నీరు కాదు, ఒక కృత్రిమమైన నూనె. అది సాధారణంగా 293 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద దర్పణాల బారిలో ప్రవేశించి 393 డిగ్రీల వద్ద బయటకు వస్తుంది. ఆ నూనె తన వేడిని వేరొక పాత్రలో నీటికి ఇచ్చి ఆవిరి చేస్తుంది. నూనె 400 డిగ్రీలు దాటితే దాని అణువులు విరగడం హెచ్చుతుంది. అప్పుడు పుట్టే హైడ్రోజన్ ఉక్కులోనుంచి దూరి, గాజు తొడుగులోని శూన్యాన్ని పాడుచేస్తుంది. కనుక 393 అన్నది ఊరికే పెట్టిన అంకె కాదు; ప్రమాదపు గీతకు ఏడు డిగ్రీల ఇవతల నిలిచిన అంకె.

అయితే ఇంకా తక్కువ వేడితో సరిపెట్టుకోరాదా? రాదు. టర్బైనుకు పంపే ఆవిరి పీడనం సుమారు 100 బార్లు, అనగా మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి దాదాపు 100 రెట్లు. ఆ పీడనం వద్ద నీరు 311 డిగ్రీల వద్ద మరుగుతుంది. అప్పుడే పుట్టిన ఆవిరి కొంచెం చల్లబడినా నీటిబొట్లు కడుతుంది. అతివేగంగా తిరిగే టర్బైను రెక్కలకు ఆ బొట్లు ఇసుకరవ్వల వలె తగిలి లోహాన్ని కొరికివేస్తాయి. అందుకే ఆవిరిని 311 దగ్గర ఆపక, సుమారు 380 వరకు వేడిచేసి పంపుతారు. దీనిని అతితప్త ఆవిరి అంటారు. ఆ ఉష్ణోగ్రత ఒక్కుమ్మడిగా మారినా చిక్కే. వేడెక్కిన లాంతరు చిమ్నీ మీద నీటిచుక్క పడితే పగులుతుంది గదా! టర్బైను ఇరుసు లావైన ఉక్కు. పైపొర చల్లబడినంత త్వరగా లోపలి భాగం చల్లబడదు. ఆ లాగులాటలో కొంతకాలానికి బీటలు పుడతాయి.

కొత్తగూడెం వంటి బొగ్గు కేంద్రంలో వేడి ఎక్కువైతే బొగ్గు తగ్గిస్తారు, ఆవిరిలో కాస్త నీరు చిమ్ముతారు. సూర్యుణ్ణి తగ్గించే మర ఎక్కడ? మన చేతిలో ఉన్న ముఖ్యసాధనం ఒక్కటే: నూనె ప్రవాహం. ఎండ హెచ్చితే వేగంగా, తగ్గితే మెల్లగా నడిపించాలి.

చిన్న లెక్క చేద్దాం. ఒక బారి పొడవు 600 మీటర్లు, దర్పణం వెడల్పు 5.77 మీటర్లు అనుకొందాం. వైశాల్యం సుమారు 3,460 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 800 వాట్ల ఎండలో 65 శాతం నూనెకు చేరితే, సెకనుకు 1,800 కిలోజౌళ్లు. ఒక కిలో నూనె 100 డిగ్రీలు వేడెక్కడానికి దాదాపు 245 కిలోజౌళ్లు కావాలి. అనగా సెకనుకు 7.35 కిలోలు నడిపించాలి. గొట్టం లోపలి వ్యాసం 6.6 సెంటీమీటర్లు, నూనె సాంద్రత ఘనమీటరుకు 760 కిలోలు అయితే వేగం సెకనుకు 2.8 మీటర్లు. బారి దాటడానికి మూడున్నర నిమిషాలు! ఎండ సగమైతే ప్రవాహం సగం, కాలం ఏడు నిమిషాలు.

చిక్కంతా ఈ నిమిషాలలో ఉన్నది. నా విద్యార్థిదశలో హాస్టలులో వేడినీటి కుళాయికి గొట్టం చాలా పొడవు. తిప్పితే నీరు చల్లగానే వచ్చేది, ఇంకా తిప్పేవాళ్లం, వేడినీరు వచ్చేసరికి ఒళ్లు కాలేది. కంగారుగా కట్టేస్తే కాసేపటికి మళ్లీ చన్నీళ్లు. బారి చివర ఉష్ణమాపకాన్ని చూసి పంపును సవరించేవాడి పాట్లు ఇవే. పైగా హాస్టలు గొట్టంలో ఆలస్యం ఎప్పుడూ ఒక్కటే. ఇక్కడ ఎండను బట్టి ఆలస్యమే మారుతుంది. మధ్యాహ్నానికి కుదిరిన సర్దుబాటు ఉదయానికి కుదరదు.

ఇప్పుడు మబ్బు సంగతి. దర్పణం సూర్యుని నుంచి సూటిగా వచ్చిన కిరణాలనే నాభికి చేర్చగలదు. మబ్బు కింద మనం హాయిగా పుస్తకం చదువుకోగలం గాని, ఆ చెదిరిన వెలుగు దర్పణానికి అక్కరకు రాదు. అనంతపురం వానచాటు సీమ. నైరుతి రుతుపవన కాలంలో మబ్బులు గాలికి తరలిపోతూ ఉంటాయి. వేరుశనగ రైతుకు చినుకు ఇవ్వని ఆ మబ్బే ఈ కేంద్రానికీ చెరుపు. నీడలో నూనె చల్లబడకుండా ప్రవాహాన్ని నాలుగవ వంతుకు తగ్గించామనుకోండి. ఒక్క క్షణంలో నీడ తొలగి పూర్తి ఎండ పడింది. ప్రవాహం అట్లాగే ఉంటే, పై లెక్క ప్రకారం నూనె 100 కాదు, 400 డిగ్రీలు వేడెక్కాలి! చివరనున్న ఉష్ణమాపకానికి ఆ వార్త పూర్తిగా అందేసరికి ఆలస్యమైపోతుంది. నీడ తొలగేటప్పటి భయం ఇదే.

అందుచేత నూనెను కాక ఎండనే కొలుస్తారు. సూటి కిరణాల తీక్ష్ణతను కొలిచే పరికరం ఎండ మారగానే చెబుతుంది. నూనె వేడెక్కకముందే లెక్కగట్టి పంపు వేగం మారుస్తారు. ఉష్ణమాపకం మిగిలిన చిన్న తప్పులను దిద్దుతుంది. అప్పటికీ వేడి మీరితే కొన్ని దర్పణాల ముఖం సూర్యుని నుంచి కాస్త పక్కకు తిప్పివేస్తారు. ఎండ వృథా అయినా గొట్టం దక్కుతుంది. స్పెయిన్‌లో అల్మేరియా వద్ద 1981లో నెలకొల్పిన అక్యురెక్స్ దర్పణ క్షేత్రంలో ఈ నియంత్రణ పద్ధతులపై ఏళ్ల తరబడి ప్రయోగాలు జరిగాయి.

నీడ ఎక్కువసేపు ఉంటే మరొక ఉపాయం ఉన్నది, నాకు చాలా ముచ్చటైనది. నూనె 350 డిగ్రీలకు పడిపోయిందనుకోండి. ఆవిరిని 380కి చేర్చలేము. కాని పీడనాన్ని తగ్గించగలం. 60 బార్ల వద్ద నీరు 276 డిగ్రీలకే, 40 బార్ల వద్ద 250కే మరుగుతుంది. వేడి తగ్గినా మరిగే అంకె ఇంకా కిందికి దిగింది గనుక ఆవిరి పొడిగానే ఉంటుంది. విద్యుత్తు తగ్గుతుంది, రెక్కలు క్షేమం.

కొందరు చిక్కును తప్పుకొని నడిచారు. స్పెయిన్‌లో సెవిల్ దగ్గర 2007లో ఆరంభమైన పి.ఎస్. 10 కేంద్రంలో అతితప్త ఆవిరి జోలికే పోక, 40 బార్ల వద్ద 250 డిగ్రీల సంతృప్త ఆవిరితో సరిపెట్టుకున్నారు. రాజస్థాన్‌లో ధుర్సర్ వద్ద 2014లో ఆరంభమైన 125 మెగావాట్ల కేంద్రంలో నూనె లేకుండా గొట్టంలోనే నీటిని ఆవిరి చేసే పద్ధతి పెట్టారు. అక్కడ మబ్బుకూ టర్బైనుకూ నడుమ ఏ అడ్డూ తక్కువే. కరిగిన ఉప్పును పెద్ద తొట్లలో నిలువచేసే కేంద్రాలలో ఆవిరికి కావలసిన వేడి తొట్టినుంచి వస్తుంది గనుక పైన మబ్బు పట్టిన సంగతి టర్బైనుకు తెలియనే తెలియదు. 1996లో కాలిఫోర్నియాలోని సోలార్ టూ ఈ పద్ధతిని చూపింది.

ఉపాధ్యాయులు పై లెక్కను 600 వాట్ల ఎండకు మరల చేయించవచ్చు. నూనె సెకనుకు ఎన్ని కిలోలు పారాలో, బారి దాటడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో విద్యార్థులే తేల్చుకుంటారు.