ముప్పైకే మనిషి గట్టిపడిపోతాడా?

అరవై దాటితే చాదస్తం. నలభైల్లో మతి చలిస్తుంది. ఐదేళ్లలోపు సరిగ్గా పెరగని పిల్లాడు ఇక బాగుపడడు. మనసు ఎదుగుదల గురించి ఇలాంటి తీర్పులు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తాయి. వీటిలో కొన్ని ఒకప్పుడు శాస్త్రవేత్తలే చెప్పినవి. చాలావాటిలో పొరపాటు ఒకే చోట దొర్లింది. మనిషిని ఒక్కసారి చూసి, జీవితమంతటికీ లెక్క కట్టేశారు. అవే మనుషుల వెంట దశాబ్దాల పాటు తిరిగిన పరిశోధకులకు వేరే సంగతులు తెలిశాయి.

అపోహ: తెలివి ఇరవైల్లో శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత అంతా దిగుడే.

1956లో అమెరికాలోని సియాటెల్‌లో కె. వార్నర్ షై అనే మనస్తత్వవేత్త ఒక ఆరోగ్య సహకార సంఘం నుంచి 500 మంది సభ్యులను ఎంచుకున్నారు. వాళ్లలో ఇరవైల్లోని కుర్రవాళ్ల నుంచి అరవైల్లోని పెద్దల దాకా ఉన్నారు. పదజాలం, లెక్కలు, తర్కం, ఒక ఆకారాన్ని మనసులోనే తిప్పి చూడడం వంటి పరీక్షలు పెట్టారు. కుర్రవాళ్లకు మార్కులు ఎక్కువ, పెద్దలకు తక్కువ. పాత నమ్మకం రుజువైనట్టే కనిపించింది.

షై అక్కడితో వదల్లేదు. 1963లో అవే మనుషులను వెతికి పట్టుకుని అవే పరీక్షలు మళ్లీ పెట్టారు. ఆ తర్వాత ఏడేళ్లకోసారి అదే పని. ఈసారి బొమ్మ మారిపోయింది. చాలా సామర్థ్యాలు నలభై దాకా పెరుగుతూనే వచ్చాయి, యాభైల్లో నిలకడగా ఉన్నాయి, అరవైల్లోకి వచ్చాకే తగ్గుముఖం పట్టాయి. చకచకా చేయాల్సిన పనుల్లో వేగం మాత్రం చాలా ముందే తగ్గుతుంది. ఆ మాట నిజమే.

మొదటి పోలిక ఎందుకు దారి తప్పింది? 1956 నాటి అరవై ఏళ్ల వాళ్లు పందొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టినవాళ్లు. ఇరవైల్లోని వాళ్లంత చదువు వాళ్లలో చాలామందికి దొరకలేదు. వయసు తేడా అనుకున్నదాంట్లో పెద్ద భాగం తరాల తేడా. బడి గడప తొక్కని నాయనమ్మకూ, ఇంజినీరింగ్ చదువుతున్న మనవరాలికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి, మార్కుల్లో వచ్చిన తేడానంతా ముసలితనం ఖాతాలో రాసేస్తే ఎలా?

ఏళ్ల తరబడి వెంట తిరగడంలోనూ చిక్కులు లేకపోలేదు. ఆరోగ్యం చెడినవాళ్లు మధ్యలో తప్పుకుంటారు, మిగిలేది గట్టివాళ్లే. పదేపదే చూసిన ప్రశ్నలు అలవాటైపోతాయి కూడా. అందుకే షై ప్రతి విడతలోనూ కొత్తవాళ్లను చేర్చి సరిచూసుకున్నారు. షెర్రీ విల్లిస్‌తో కలిసి ఆయన 1986లో ప్రచురించిన ఫలితం ఇంకా ఆసక్తికరం. 64 దాటినవాళ్లకు మొత్తం ఐదు గంటల తర్ఫీదు ఇచ్చారు. అప్పటికే సామర్థ్యం తగ్గినవాళ్లలో సుమారు 40 శాతం మంది పద్నాలుగేళ్ల కిందటి స్థాయిని తిరిగి అందుకున్నారు.

అపోహ: ముప్పై దాటితే స్వభావం మారదు. నలభైల్లో ఒక సంక్షోభం తప్పదు.

మొదటి మాట 1890లో మనస్తత్వవేత్త విలియం జేమ్స్ అన్నది. 2006లో బ్రెంట్ రాబర్ట్స్ బృందం 92 దీర్ఘకాలిక అధ్యయనాలను కలిపి చూస్తే, ఇరవై నుంచి నలభై దాకా బాధ్యత, మానసిక నిలకడ బాగా పెరుగుతున్నాయని, ఆ తర్వాత కూడా మార్పు ఆగడం లేదని తేలింది. రెండో మాట 1965లో ఎలియట్ జాక్స్ రాసిన వ్యాసంతో ఊపందుకుంది. ఆయన ఆధారపడింది ఎక్కువగా గొప్ప కళాకారుల జీవితాల మీద. తర్వాత మామూలు అమెరికన్లను అడిగితే, అలాంటి దశ దాటామన్నది నలుగురిలో ఒకరే. వాళ్లలోనూ చాలామంది ఉద్యోగం పోవడమో, విడాకులో, ఇంట్లో మరణమో కారణమన్నారు. నలభైలతో వాటికి పనేముంది?

అపోహ: నాలుగేళ్ల పిల్ల మిఠాయి ముందు ఆగగలిగితే జీవితంలో గెలిచినట్టే.

వాల్టర్ మిషెల్ మార్ష్‌మాలో పరీక్ష గురించి వినని తల్లిదండ్రులు తక్కువ. ఇప్పుడే తింటే ఒకటి, ఆగితే రెండు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక మంచి మార్కులు తెచ్చుకున్నారన్న వార్తే లోకమంతా పాకింది. ఆ పిల్లలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని నర్సరీ బడి వాళ్లన్న సంగతి అంతగా పాకలేదు. 2018లో టైలర్ వాట్స్ బృందం తొమ్మిది వందలకు పైగా పిల్లల సమాచారాన్ని పరిశీలించింది. ఆగడానికీ చదువుకూ ఉన్న సంబంధం ముందు చెప్పినదాంట్లో సగమే కనిపించింది. ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకునేసరికి అదీ చాలావరకు కరిగిపోయింది.

అంతకుముందే, 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సెలెస్ట్ కిడ్ బృందం మరో మెలిక చూపించింది. పరీక్షకు ముందు పిల్లలకు పాత క్రేయాన్లు ఇచ్చి, ఆగితే మంచి రంగులు తెస్తామన్నారు. కొందరికి తెచ్చారు. మిగతావాళ్ల దగ్గరికి ఉత్త చేతులతో వచ్చి, అయిపోయాయని సర్దిచెప్పారు. ఆ తర్వాత మిఠాయి పెడితే, మాట నిలబెట్టుకున్న పెద్దలను చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మోసపోయినవాళ్లు ఆగింది 3 నిమిషాలు. వాళ్ల తొందరలో తప్పుపట్టడానికేముంది?

అపోహ: మొక్కై వంగనిది మానై వంగదు.

సామెతలో కొంత నిజముంది. రొమేనియాలోని అనాథాశ్రమాల పిల్లలు 136 మందిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి పోల్చిన బుకారెస్ట్ అధ్యయనంలో, రెండేళ్లలోపు ఇల్లు దొరికినవాళ్లే మెరుగ్గా కోలుకున్నారు. అయితే ఆలస్యమైతే అంతా అయిపోయినట్టేనా? హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ నడివయసు దాకా గమనించారు. పేదరికం, తాగుడు, కలహాల మధ్య పెరిగినవాళ్లలో మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. టీనేజీలో దారి తప్పిన వాళ్లలో కూడా చాలామంది తర్వాత కుదుటపడ్డారు. వాళ్లకు కలిసివచ్చింది పెద్దయ్యాక దొరికిన చదువు, సైన్యంలో కొలువు, మంచి జీవిత భాగస్వామి.

ఇలాంటి పరిశోధన మన దగ్గరా సాగుతోంది. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో సుమారు 3,000 మంది పిల్లల ఎదుగుదలను నమోదు చేస్తూ వస్తోంది. పసితనంలో కరవు దెబ్బ తిన్న పిల్లల ఎదుగుదల కుంటుపడింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ పిల్లలు బడి ఈడుకొచ్చాక బరువు, ఎత్తు కొలిచి చూస్తే, బడిలో తిన్న అన్నం ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చినట్టు తేలింది. అదే అధ్యయనం సాగుతున్న నాలుగు దేశాల సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, పసితనంలో గిడసబారి తర్వాత ఎత్తులో పుంజుకున్న పిల్లలకు, పుంజుకోని వాళ్ల కంటే లెక్కల్లో, పదజాలంలో మంచి మార్కులు వచ్చాయి.