వానాకాలం టమాటా: విత్తనం కొనే ముందే తెలుసుకోండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల కూరగాయ రైతులకు

ముసురు పట్టి చేను రోజుల తరబడి ఆరకపోతే టమాటాకు తెగుళ్లు మొదలైతయి. ఆకుమాడును మందు కొట్టి కొంత ఆపొచ్చు. బాక్టీరియా ఎండు తెగులు సోకిన మొక్కను మాత్రం ఏ మందూ బతికించలేదు. పెట్టుబడి అంతా పోతది. అందుకే రకం ఎంపికే మొదటి రక్షణ.

ఏ రకాలు మంచివి?
బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసినవి:
• అర్క రక్షక్, అర్క సామ్రాట్ (హైబ్రిడ్): ఆకుముడత వైరస్, ఎండు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటాయి. కాయ సుమారు 90–100 గ్రాములు. రక్షక్ కాయ గట్టిది, దూరపు మార్కెట్‌కు పనికొస్తది.
• అర్క అభేద్ (హైబ్రిడ్): పై మూడింటితో పాటు చల్లటి తడి వాతావరణంలో వచ్చే లేట్ బ్లైట్‌నూ తట్టుకుంటుంది.
• అర్క ఆలోక్, అర్క అభా (సూటి రకాలు): ఎండు తెగులును తట్టుకుంటాయి. విత్తనం దాచుకోవచ్చు.

హైబ్రిడ్ కాయల విత్తనం దాచి వేయకండి. మొక్కలు ఒక్క తీరుగా రావు, తెగులును తట్టుకునే గుణం కూడా తగ్గుతది.

ఎండు తెగులేనా? ఇట్ల చూడండి
ఆకులు పచ్చగా ఉండగానే మొక్క వాడిపోతే కాండం అడుగు భాగం కోసి, గాజు గ్లాసు నీళ్లలో కదపకుండా ఉంచండి. కాసేపటికి పాల లాంటి తెల్లటి దారాలు దిగితే అది ఎండు తెగులే. ఆ మొక్కను వేర్లతో పీకి చేను బయట కాల్చేయండి.

చేన్లో పాటించండి
• మిరప, వంకాయ, ఆలుగడ్డ తీసిన చేన్లో టమాటా వేయొద్దు. వరి, మక్క తీసిన చేను మేలు.
• ఎత్తు బోదెల మీద నాటండి. నీళ్లు నిలవొద్దు.
• కర్రలు పాతి తీగలు కట్టండి. కాయ, ఆకు నేలకు తగలొద్దు.

తట్టుకునే రకమంటే తెగులు అసలు రాదని కాదు. ఈ జాగ్రత్తలు తప్పవు.

డ్రిప్ సబ్సిడీ
సూక్ష్మ సేద్యం పథకంలో ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీ, చిన్న, సన్నకారు రైతులకు 90 శాతం, ఇతరులకు 80 శాతం సబ్సిడీ ఉంది. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లతో మీ ఉద్యాన అధికారిని కలవండి. ఈ సీజన్‌లో నారు, విత్తనాలపై ఏమైనా సబ్సిడీ ఉందేమో అక్కడే అడగండి.

విత్తనం ఎక్కడ కొన్నా లాట్ నంబరుతో బిల్లు తీసుకోండి. బిల్లు, ఖాళీ ప్యాకెట్ పంట అయ్యేదాకా దాచండి. మొలక రాకపోయినా, రకం తేడా వచ్చినా ఫిర్యాదుకు అవే ఆధారం.