నాలుగు గొంతులు - ఒక కాగితం

మన హాస్టల్ ప్రార్థనలో ఎంతమందిమి కలిసి పాడినా వరుస ఒక్కటే. పాశ్చాత్య పద్ధతిలో పాడే చర్చి క్వయర్లలో అలా కాదు. సొప్రానో, ఆల్టో అనే స్త్రీల గొంతులు, టెనర్, బాస్ అనే పురుషుల గొంతులు ఒకే పాటను నాలుగు వరుసల్లో పాడతాయి. వీటిని స్టాఫ్ నొటేషన్‌లో తికమక లేకుండా ఎలా రాస్తారో క్లుప్తంగా తెలుసుకుందాం.

స్టాఫ్ అంటే ఐదు అడ్డగీతలు. సాధారణంగా రెండు స్టాఫులు చాలు. పైదానిలో సొప్రానో, ఆల్టో. కిందిదానిలో టెనర్, బాస్. ఒకే స్టాఫులో రెండు గొంతులున్నప్పుడు ఏ స్వరం ఎవరిదో చెప్పేది దాని నిలువు కాడ. పై గొంతు కాడలు పైకి, కింది గొంతు కాడలు కిందికి ఉండాలి. ఒకే గొంతు ఉంటే స్వరం ఎత్తును బట్టి కాడ దిశ మారుతుంది. ఇక్కడ మాత్రం మారకూడదు. ఇద్దరూ ఒకే స్వరాన్ని ఒక మాత్ర కాలం పాడితే ఒకే చుక్కకు రెండు కాడలు వేస్తారు.

విరామాలు కూడా ఎవరివి వారికే రాయాలి. పై గొంతు విరామాన్ని కాస్త పైకి, కింది గొంతుదాన్ని కిందికి జరపాలి. బార్‌కు నాలుగు మాత్రలైతే ప్రతి గొంతుకూ విడిగా నాలుగు లెక్క తేలాలి. ఒకే మాత్రపై పలికేవన్నీ ఒకే నిలువు వరుసలో రావాలి. అందరూ ఒకేసారి ఒకే మాట పలికితే సాహిత్యాన్ని రెండు స్టాఫుల మధ్య ఒక్కసారి రాస్తే చాలు.

బాఖ్ 1722 నాటి 'వెల్ టెంపర్డ్ క్లావియర్'లో ఐదు గొంతుల ఫ్యూగులు సైతం రెండు స్టాఫుల్లో ఇమిడాయి. అయితే అవి ఒక్కరు వాయించేవి. క్వయర్‌లో గొంతులు ఒకదాన్నొకటి దాటుతూ వేర్వేరు లయల్లో సాగితే గొంతుకొక స్టాఫు ఇవ్వడమే మేలు. జిరాక్స్ ఖర్చుకు వెనకాడి ఇరికించి రాస్తే నష్టపోయేది మధ్య గొంతులే. సొప్రానో వారికి సాధారణంగా అసలు వరుసే ఉంటుంది కాబట్టి చెవి దారి చూపుతుంది. ఆల్టో, టెనర్ వారికి కాగితమే ఆధారం. అది అర్థం కాకపోతే వారు తమ భాగం వదిలి పై వరుస అందుకుంటారు. నాలుగు గొంతుల పాట ఒంటి గొంతు పాటైపోతుంది.

కనుక మిత్రులారా, రాసిన కాగితాన్ని ముందు ఆల్టో, టెనర్ వారి చేతికిద్దాం. వారు ఆగకుండా పాడగలిగితే మన రాత బాగున్నట్టే.