ఏటా అదే నెలలో వచ్చే ‘జలుబు’

వినాయక చవితి దగ్గర పడిందంటే నాకు తుమ్ములు మొదలయ్యేవి. ‘వానలో తడిశావు, జలుబు చేసింది’ అనేది అమ్మ. ఉద్యోగంలో చేరాక మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కుని మింగేవాణ్ని. తగ్గేది కాదు. దసరా దాటాక దానంతటదే పోయేది. వరుసగా నాలుగేళ్లు ఇలాగే జరిగేసరికి, మొదలైన రోజు, తగ్గిన రోజు కాగితం మీద రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన రెండే ప్రశ్నలు అడిగారు. జ్వరం వస్తుందా? రాదు. కళ్లు దురద పెడతాయా? బాగా. చేతి మీద చేసిన పరీక్షలో అసలు సంగతి తేలింది. నాకు గడ్డి పుప్పొడి పడదు.

గాలిని నమ్ముకున్న మొక్కలు

గరిక, వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న అన్నీ గడ్డి కుటుంబానివే. వీటి పూలకు రంగూ వాసనా ఉండవు. తేనెటీగలను పిలిచే అవసరం వీటికి లేదు. పుప్పొడిని గాలికి వదిలేస్తాయి. అందులో ఎక్కువ భాగం దారి తప్పుతుంది కాబట్టి విపరీతంగా తయారుచేస్తాయి. బంతి, మందారం లాంటి రంగురంగుల పూల పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది. అది మన ముక్కు దాకా రావడం తక్కువ.

గడ్డి పుప్పొడి రేణువు సుమారు 20 నుంచి 40 మైక్రాన్లు ఉంటుంది. కదలని గాలిలో 30 మైక్రాన్ల రేణువు సెకనుకు రెండు, మూడు సెంటీమీటర్లే కిందికి దిగుతుంది. అంటే మీటరు ఎత్తు నుంచి నేల చేరడానికి అర నిమిషం పైనే పడుతుంది. ఈలోగా చిరుగాలి వీచినా మళ్లీ పైకి లేస్తుంది. మన దగ్గర వానలకు మొలిచిన గడ్డి వానాకాలం చివర్లో బాగా పూతకు వస్తుంది. నా ‘జలుబు’ చవితికి రావడానికి కారణం అదే.

గాలిపటంతో పరిశోధన

ఈ గుట్టు విప్పింది ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కు చెందిన డాక్టర్ చార్లెస్ బ్లాక్‌లీ. ఆయనకూ ఈ బాధ ఉండేది. చేతి చర్మాన్ని గీరి, గడ్డి పుప్పొడి రాస్తే అక్కడ దద్దురు లేచింది. జిగురు పూసిన గాజు పలకలను గాలిపటాలకు కట్టి ఎగరేసి, పై గాలిలోనూ పుప్పొడి ఉందని చూపించారు. 1873లో ఈ ప్రయోగాలను పుస్తకంగా వేశారు. నేటి స్కిన్ ప్రిక్ పరీక్షకు మూలం ఈ ఆలోచనే. చేతి మీద పుప్పొడి సారం చుక్క వేసి, సన్నగా గుచ్చి, 15-20 నిమిషాల తర్వాత దద్దురు కొలుస్తారు. పరీక్షకు కొన్ని రోజుల ముందు నుంచి అలర్జీ మాత్రలు ఆపాలి. ఎన్ని రోజులన్నది డాక్టరే చెబుతారు.

పుప్పొడిలోని ప్రొటీన్‌ను కొందరి శరీరం శత్రువుగా పొరబడి, ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేస్తుంది. మళ్లీ ఆ పుప్పొడి తగలగానే హిస్టమిన్ విడుదలవుతుంది. దురద, తుమ్ములు, నీళ్లు దాని పనే.

జలుబా, అలర్జీనా?

మామూలు జలుబు వారం, పది రోజుల్లో తగ్గుతుంది. గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, ఒక్కోసారి జ్వరం ఉంటాయి. పుప్పొడి అలర్జీ వారాల తరబడి సాగుతుంది. వరసగా తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, కళ్లలో, ముక్కులో, అంగిట్లో దురద ఉంటాయి. జ్వరం ఉండదు. బయటికి వెళ్తే ఎక్కువవుతుంది. యాంటీబయాటిక్ దీనికి పనిచేయదు.

‘తుమ్ములే కదా’ అని వదిలేయకూడదు. ముక్కు, ఊపిరితిత్తులు ఒకే శ్వాసమార్గంలో భాగాలు. 2016 నవంబర్ 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉరుములతో గాలివాన వచ్చింది. రై గడ్డి పుప్పొడి తేమకు పగిలి, ఊపిరితిత్తుల లోపలికి చేరేంత చిన్న ముక్కలైంది. ఊపిరాడక వేలమంది ఆస్పత్రులకు పరుగెత్తారు. 10 మంది చనిపోయారు. తమకు ఆస్తమా లేదనుకున్నవారు కూడా బాధితుల్లో ఉన్నారు. తుమ్ములతో పాటు పిల్లికూతలు, రాత్రి దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం కనిపిస్తే వెంటనే డాక్టర్‌ను కలవాలి. ఊపిరి అందకపోతే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఏం చేయాలి?

గడ్డి పూసే రోజుల్లో గాలి వీస్తుంటే కిటికీలు మూయాలి. బయట మాస్కు, కళ్లద్దాలు వాడాలి. ఇంటికి రాగానే బట్టలు మార్చి, తల స్నానం చేయాలి. ఉతికిన బట్టలు ఇంట్లోనే ఆరేయాలి. మరిగించి చల్లార్చిన నీటితో చేసిన ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే కొంత ఉపశమనం ఉంటుంది.

సెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ వంటి మాత్రలు దురద, తుమ్ములు తగ్గిస్తాయి. కొందరికి సెటిరిజిన్ మత్తుగా ఉంటుంది. మత్తు అనిపిస్తే బండి నడపకూడదు. ముక్కు బాగా దిబ్బడేసేవారికి డాక్టర్లు స్టిరాయిడ్ స్ప్రే రాస్తారు. అది ఒక్క రోజులో పనిచేయదు. రోజూ వాడాలి, పూత కాలానికి వారం, రెండు వారాల ముందే మొదలుపెడితే మేలు. దిబ్బడ వెంటనే విప్పే జైలోమెటజోలిన్ చుక్కలను మాత్రం కొద్ది రోజులకు మించి వాడితే దిబ్బడ తిరగబెడుతుంది. వీటన్నిటికీ లొంగకపోతే ఇమ్యునోథెరపీ ఉంది. పుప్పొడి సారాన్ని కొద్ది కొద్దిగా ఇస్తూ శరీరానికి అలవాటు చేస్తారు. దాదాపు మూడేళ్లు పడుతుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఖర్చు లేనిది. తుమ్ములు ఏ రోజు మొదలయ్యాయో, ఎక్కడ ఉన్నప్పుడు ఎక్కువయ్యాయో రాసి పెట్టుకోండి. డాక్టర్‌కు ఆ కాగితం చాలా చెబుతుంది.

ఇప్పటికీ మా ఇంట్లో చవితి పూజకు గరిక తెస్తాం. పూత లేని లేత గరిక చూసి కోసుకురావడం మాత్రం మా తమ్ముడి పని.